లెక్కకెక్కని రోజులు

2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే లారీలన్నిటికీ డ్రైవర్ క్యాబిన్‌లో ఏసీ తప్పనిసరి అయింది. ఆ వార్త చదివిన రోజు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఇంట్లోవాళ్లకి అదో చిన్న వార్త. నాకు మాత్రం ఒకరి తర్వాత ఒకరు మనుషులు గుర్తుకొస్తూనే ఉన్నారు. 1990లలో నేను విజయవాడలో ఒక ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో గుమస్తాగా చేరాను. లారీలు తోలినవాణ్ణి కాదు, తోలినవాళ్ల లెక్కలు రాసినవాణ్ణి. ట్రిప్పు ముగించుకుని వచ్చిన ప్రతి డ్రైవరూ నా బల్ల ముందు కూర్చుని లెక్క చెప్పాకే ఇంటికెళ్లేవాడు.

ఆ రోజుల్లో క్యాబిన్ కంపెనీ నుంచి వచ్చేది కాదు. జంషెడ్‌పూర్ నుంచి టాటా బళ్లు, ఎన్నూరు నుంచి లేలాండ్ బళ్లు ఉత్త చాసిస్‌గా వచ్చేవి. ఇంజను, స్టీరింగు, చక్రాలు, అంతే. పైన కప్పు లేదు, పక్కన తలుపు లేదు. జంషెడ్‌పూర్ నుంచి అలాంటి చాసిస్‌లు తోలుకురావడానికి వేరే డ్రైవర్లు ఉండేవాళ్లు. ఒక చెక్క మీద గోనెసంచి పరుచుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, కళ్లకు అద్దాలు పెట్టుకుని, పురుగులు మొహాన కొడుతున్నా అంత దూరమూ అలాగే తోలుకొచ్చేవాళ్లు. చాసిస్‌కి ఇంత అని కూలి. వాళ్లు మా ఆఫీసు ముందు దిగేసరికి కనుబొమల మీద దుమ్ము పేరుకుని ఉండేది. చెవుల్లో గాలి హోరు ఇంకా పోక, రెండు మూడుసార్లు పిలిస్తే గానీ పలికేవాళ్లు కాదు.

ఆ చాసిస్ మీద మా ఆటోనగర్‌లో బాడీ కట్టేవాళ్లు. వడ్రంగులు, కమ్మరులు, వెల్డర్లు, పెయింటర్లు, ఒక్కో వీధి ఒక్కో పనికి. ఎంత అందంగా కట్టినా ఇంజను సగం క్యాబిన్ లోపలే ఉండేది. మే నెలలో బయట బెజవాడ ఎండ, లోపల ఇంజను వేడి. బానెట్ మీద తడి గోనెపట్టా వేసేవాళ్లు, కాసేపటికే అది పెళపెళలాడేలా ఎండిపోయేది. పాత డ్రైవర్లలో చాలామందికి ఎడమకాలి పిక్క మీద చర్మం కమిలి నల్లబడి ఉండేది. ఇంజను అటువైపే ఉంటుంది కదా. పంచె పైకెత్తి కూర్చున్నప్పుడు నాకు ముందు అదే కనిపించేది. అందుకే ఏసీ అన్న మాట నాకు సుఖం కింద వినబడలేదు. ఎన్నాళ్లుగానో బాకీపడ్డది ఇప్పటికి కొంత తీర్చారనిపించింది.

జీతం సంగతి చెప్పాలి. జీతం అనే మాట అందరం వాడేవాళ్లం గానీ, ఒకటో తారీఖున చేతికొచ్చే జీతం మా ఆఫీసులో గుమస్తాలకే ఉండేది. డ్రైవరుకి నెల జీతం అని ఒకటి మాట్లాడుకునేవాళ్లు. అది ఓనరు దగ్గర జమగా ఉండిపోయేది. పండగకో, పిల్ల పెళ్లికో, ఆసుపత్రి ఖర్చుకో అడిగితే అందులోంచి ఇచ్చేవాళ్లు. రెండోది ట్రిప్పు బత్తా. పేరుకి అది తిండి ఖర్చు, డ్రైవరూ క్లీనరూ అందులోంచే తినాలి. మూడోది మిగులు. దారి ఖర్చులకని చేతిలో పెట్టిన డబ్బులో, జాగ్రత్తగా తోలి, తిని తినక వెనక్కి తెచ్చుకున్నది. నిజానికి డ్రైవరు ఇల్లు నడిచింది ఈ మిగులు మీదే. ఓనర్లకీ ఆ సంగతి తెలుసు. అందుకే జీతం పెంచమంటే "బండి మీద మిగుల్తోందిగా" అనేవాళ్లు.

మా ఆఫీసులో అందరికంటే పెద్ద డ్రైవరు ఒకాయన ఉండేవాడు. ఆయనది చిలకలూరిపేట పక్కన పల్లె. పేట అంటేనే లారీలకు పేరున్న ఊరు, అక్కడ వీధికో డ్రైవరు దొరుకుతాడు. క్లీనర్లు ఆయన్ని గురువుగారు అనేవాళ్లు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఆయన లైను ఎక్కువగా కలకత్తా. గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఎక్కించుకుని, ఏలూరు, తణుకు, తుని, వైజాగ్, శ్రీకాకుళం, ఇచ్ఛాపురం మీదుగా ఒరిస్సాలోకి దిగి, బరంపురం, భువనేశ్వర్, బాలాసోర్, ఖరగ్‌పూర్ దాటి వెళ్లడం. అప్పటికి అది బాలాసోర్ దాకా ఐదో నంబరు జాతీయ రహదారి, చాలాచోట్ల రెండు లారీలు పక్కపక్కన పట్టే వెడల్పు మాత్రమే. ఇప్పుడు పదహారో నంబరు చేశారు. తుని దగ్గర తలుపులమ్మ లోవలో మొక్కు చెల్లించకుండా ఆయన ముందుకి కదిలేవాడు కాదు. గోదావరి జిల్లాల్లో, విశాఖలో చాలా బళ్ల మీద లోవ తల్లి పేరు కనిపిస్తుంది చూడండి, దారినపోయేవాళ్లని కాచుకునే తల్లి అని డ్రైవర్ల నమ్మకం.

లెక్క చెప్పడానికి బాబాయ్ పొద్దున్నే వచ్చేవాడు. స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చేవాడు. చొక్కా లోపలి జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి బల్ల మీద పరిచేవాడు. డీజిల్ బిల్లులు, కాటా చీటీలు, పంచరు షాపువాడు బీడీకట్ట కాగితం మీద రాసిచ్చిన ముక్క, చెమటకి తడిసి మళ్లీ ఆరి గట్టిపడ్డ కాగితాలు. ఆయనకి చదువు రాదు. కానీ ఏ ఊళ్లో ఏ పనికి ఎంత ఇచ్చాడో వరసగా నోటితో చెప్పేవాడు, నేను ట్రిప్ షీట్లో ఎక్కించేవాణ్ణి. ఒక్క రూపాయి తేడా వచ్చేది కాదు.

"డీజిల్ ఎక్కువ చూపిస్తోంది బాబాయ్," అనేవాణ్ణి.

"ఖల్లికోట కాడ రోడ్డంతా గుంతలు నాయనా. రెండో గేరు మీదే తెచ్చా. పైన వాన, ఎదురుగాలి. ఇంజనేం చేస్తది?"

లోడు బండి లీటరుకి నాలుగు కిలోమీటర్లు ఇవ్వాలని మా ఓనరు కట్టిన లెక్క. అంతకు తగ్గితే ఆ డీజిల్ డబ్బు డ్రైవరు ఖాతాలోంచే. గుంతలకీ ఎదురుగాలికీ షీట్లో గడి లేదు. టైరు పేలితే ఆ ముక్కలు తెచ్చి చూపించాలి. సరుకులో ఒక బస్తా తగ్గితే అది షార్టేజీ, దానికి గడి ఉంది. తడిస్తే డ్యామేజీ, దానికీ గడి ఉంది. దారిలో ఇచ్చిన మామూళ్లకి కూడా "ఇతర ఖర్చులు" అని గడి ఉండేది. బ్రేకు ఇన్‌స్పెక్టరు ఎదురైతే ఎంత, సరిహద్దులో ఎంత అని ఓనర్లే ఒక అంచనా వేసి ఇచ్చేవాళ్లు. అంతకంటే ఎక్కువ అడిగితే ఆ ఎక్కువది డ్రైవరే పెట్టుకోవాలి. బయట జనం లారీవాళ్లు డబ్బులిచ్చి తప్పించుకుంటారని మాట్లాడుకునేవాళ్లు. ఆ డబ్బు చాలాసార్లు ఒక మనిషి రాత్రి భోజనం మానేసి ఇచ్చినది.

షీట్లో అసలు లేనిది ఆగిన రోజుల గడి. నేను చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇదే.

బండి గుంటూరు నుంచి కలకత్తా చేరడానికి పట్టే రోజులు అందరికీ తెలుసు. అక్కడికి చేరాక ఏమవుతుందో ఎవరూ అడగరు. పగలు లారీలని ఊళ్లోకి వదలరు, రాత్రి దాకా ఊరి బయట ఆగాలి. లోపలికి వెళ్లాక గోడౌన్ ఖాళీ లేదంటారు, హమాలీలు రాలేదంటారు, షావుకారు రేపు రమ్మంటాడు. ఈలోపు దసరా వస్తే పూజ రోజులు బజారు మొత్తం బంద్. సరుకు దిగాక రిటర్న్ లోడు కోసం మళ్లీ ఎదురుచూపులు. మన రైసు మిల్లులకి హుగ్లీ ఒడ్డు జ్యూట్ మిల్లుల నుంచి గోనెసంచుల బేళ్లు వచ్చేవి, సీజన్లో బెంగాల్ బంగాళాదుంపలు వచ్చేవి. అవి దొరికేదాకా బ్రోకరు ఆఫీసు ముందు బండి కింద చాప వేసుకుని పడుకోవడమే. ఖాళీ బండితో అంత దూరం వెనక్కి రాలేరు, డీజిల్ డబ్బు కూడా రాదు.

అన్ని రోజులూ బత్తా ఉండదు. బండి తిరిగితేనే బత్తా. కిరాయి రసీదు మీద మాత్రం హాల్టింగ్ చార్జీ అని అచ్చు వేసి ఉండేది, ఇన్ని గంటలు దాటి బండి ఆపితే రోజుకింత ఇవ్వాలని. పార్టీ, అంటే సరుకు తాలూకు షావుకారు, గొడవ పెట్టకుండా ఇస్తే అది ఓనరుకి జమ. ఆగింది మనిషి, డబ్బు వచ్చింది బండికి. సరుకు పక్కన కాపలా కూర్చున్నవాడికి అందులో పైసా లేదు. ఆ కాపలా కూడా మామూలు కాపలా కాదు. రాత్రి కన్ను మూస్తే స్టెప్నీ టైరు పోతుంది, సరుకు మీద కప్పిన పట్టా పోతుంది, ట్యాంకులో డీజిల్ పోతుంది. పోయింది ఏదైనా మళ్లీ ఆయన ఖాతాలోకే. అంటే తోలే రోజుల్లో నిద్ర ఉండదు, తోలని రోజుల్లోనూ నిద్ర ఉండదు.

చట్టం లేదా అంటే అప్పుడూ ఉండేది. 1961లోనే మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం వచ్చింది, 2025 నవంబరు దాకా అదే ఉంది. రోజుకి ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలు. దూరప్రయాణాల్లో అయితే రోజుకి 10, వారానికి 54 దాకా పోవచ్చని అందులో ఉండేది. ఐదు గంటలు పనిచేశాక కనీసం అరగంట విశ్రాంతి, వారానికో సెలవు, అదనపు గంటలకి రెట్టింపు కూలి. 1988 మోటారు వాహనాల చట్టంలో కూడా డ్రైవరు పనిగంటలకి ఆ చట్టమే కొలత అన్నారు. ఒక యూనియన్ పెద్దాయన టీ కొట్టు దగ్గర ఇదంతా నాకు విడమరిచి చెప్పాడు. ఐదుగురు, అంతకంటే ఎక్కువమంది పనివాళ్లున్న సంస్థలకే ఆ చట్టం వర్తిస్తుందని చెప్పినప్పుడు మాత్రం నాకు నోట మాట రాలేదు. మా ఆఫీసుకి అటాచ్ అయిన బళ్లలో ఎక్కువభాగం ఒక బండి, రెండు బళ్లు ఉన్నవాళ్లవి. ఫైనాన్సు వాయిదా కట్టలేక ఆ ఓనర్లే సతమతమవుతుండేవాళ్లు, కొందరు ఒకప్పుడు డ్రైవర్లే. వాళ్లని మొత్తంగా తప్పుపట్టలేను. కానీ ఆ వాయిదా బరువంతా చివరికి స్టీరింగు పట్టుకున్నవాడి నిద్ర మీద పడింది.

నిద్ర సంగతి చెప్పాలంటే చేపల బళ్ల గురించి చెప్పాలి. కైకలూరు, ఆకివీడు నుంచి కొల్లేటి చేపలు ఐసులో పెట్టి హౌరా పంపేవాళ్లు, ఇప్పటికీ పంపుతున్నారు. ఆ బండి దారిలో ఆగదు. ఐసు కరిగి నీళ్లు రోడ్డు మీద ధారగా కారుతుంటే వెనక వచ్చేవాళ్లకి వాసనతోనే తెలిసిపోతుంది. మార్కెట్ టైముకి అందకపోతే చేప రేటు పడిపోతుంది, ఆ నష్టం కిరాయిలో కోస్తారు. అందుకని ఇద్దరు డ్రైవర్లు. ఒకరు తోలుతుంటే ఒకరు సీటు వెనక చెక్క మీద పడుకోవాలి. అది పడకంటే పడకే గానీ గతుకుల్లో ఆ చెక్క మీద మనిషి ఎగిరి పడుతుంటాడు, నిద్రేం పడుతుంది? వాళ్లు ఖైనీ మీద, టీ మీద, పచ్చిమిరపకాయలు కొరుక్కుంటూ బండి లాగేవాళ్లు. చేపల బండికి బత్తా బాగుండేది, కుర్ర డ్రైవర్లు దానికోసం పోటీపడేవాళ్లు. కొన్నాళ్లకే మనిషి కళ్లు లోతుకి పోయి గుర్తుపట్టలేనట్టు అయిపోయేవాడు. బాబాయ్ ఆ లైను తొక్కలేదు. "డబ్బుంటది నాయనా, మడిసుండడు," అనేవాడు.

డ్రైవర్ల భార్యలు నెలనెలా ఆఫీసుకి వచ్చేవాళ్లు, ఇంటి ఖర్చుకి అడ్వాన్సు తీసుకోవడానికి. సంతకం పెట్టి డబ్బు లెక్కపెట్టుకున్నాక వెంటనే వెళ్లేవాళ్లు కాదు. "బండి ఏడదాకా పోయింది అన్నయ్యగారూ?" అని అడిగేవాళ్లు. అసలు వచ్చింది ఆ మాట కోసమేనని నాకు తెలుసు. సెల్‌ఫోన్లు లేవు. డ్రైవరు ఎక్కడన్నా ఎస్టీడీ బూత్ కనిపిస్తే, రాత్రి పొద్దుపోయి చార్జీ తగ్గాక చేసేవాడు. ఆ రెండు మాటలు నేను ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకునేవాణ్ణి, బండి నంబరు, ఊరు, టైము. అది ఆఫీసు పని కాదు, ఎవరూ చెప్పలేదు. ఆ ఆడవాళ్లకి చెప్పడానికి ఒక ఊరి పేరన్నా ఉండాలని రాసేవాణ్ణి.

1999 అక్టోబరు ఆఖర్లో ఆ నోటుబుక్కులో బాబాయ్ బండి ఎదురుగా చివరి ఊరు భువనేశ్వర్. 29న పారాదీప్ దగ్గర పెను తుపాను తీరం దాటింది. గంటకి 260 కిలోమీటర్ల గాలి అన్నారు. దాదాపు పదివేలమంది చనిపోయారని తర్వాత తేలింది. జాతీయ రహదారి తెగిపోయింది, ఫోన్లు పోయాయి. ఇచ్ఛాపురం దాకా వెళ్లిన బళ్లు అక్కడే ఆగిపోయాయి. అప్పటికే లోపలికి వెళ్లిపోయిన బళ్ల గురించి ఎవరికీ తెలియదు. పిన్నిగారు, అంటే బాబాయ్ భార్య, పేట నుంచి మొదటి బస్సుకి వచ్చి ఆఫీసు అరుగు మీద కూర్చునేది. సాయంత్రం చివరి బస్సుకి వెళ్లేది. మా ఆఫీసు బాయ్ టీ ఇస్తే చేతిలో పట్టుకుని అలాగే ఉండేది. ఆవిడ అడిగే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. నోటుబుక్కు తీసి అదే ఊరు పేరు మళ్లీ చదివేవాణ్ణి.

చాలా రోజుల తర్వాత బాలాసోర్ నుంచి ఫోను వచ్చింది. బతికే ఉన్నాడు. వచ్చాక చెప్పాడు. కటక్ దాటాక గాలి మొదలైందట. లోడు బండి మూతిని గాలికి ఎదురుగా పెట్టి, చక్రాలకి రాళ్లు అడ్డం వేసి, ఆయనా క్లీనరు కుర్రాడూ క్యాబిన్ కింద నేల మీద పడుకున్నారట. పది టన్నుల లోడున్న బండి ఊయల ఊగినట్టు ఊగింది నాయనా అన్నాడు. తెల్లారి చూస్తే ముందూ వెనకా చెట్లు అడ్డం పడి రోడ్డు కనిపించలేదు. వరసలో ఉన్న డ్రైవర్లంతా, పంజాబీలు, బెంగాలీలు, మనవాళ్లు, గొడ్డళ్లు పట్టి చెట్లు కొట్టారు. మంచినీళ్లు లేవు. పడిపోయిన కొబ్బరిచెట్ల బోండాలు తాగారు. దగ్గరున్న బియ్యం, పప్పు వాననీళ్లతో ఉడికించి, నీళ్లలోంచి నడిచొచ్చిన ఊరివాళ్ల పిల్లలకి ముందు పెట్టి తర్వాత తిన్నారు. ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతు మామూలుగానే ఉంది. ఆ పిల్లల సంగతి చెప్పినప్పుడు మాత్రం కాసేపు ఆగాడు.

గాలికి పట్టా చీలిపోయింది. పై వరస టిక్కీలు తడిశాయి. కలకత్తా పార్టీ తడిసిన సరుకు తీసుకోనంది, తీసుకున్నదానికి కిరాయి బాలెన్సులోంచి కోత పెట్టింది. ఆ కోతలో కొంత ఓనరు భరించి, కొంత బాబాయ్ జమ జీతంలోంచి తీయమన్నాడు. పట్టా సరిగా కట్టుకోవడం డ్రైవరు బాధ్యతే అన్నాడు. ఆ షీటు రాసింది నేనే. డ్యామేజీ గడిలో అంకె వేశాను. తుపానులో ఉన్న రోజులకి బత్తా రాయబోతే, బండి తిరగలేదుగా అన్నారు. బాబాయ్ మారుమాట్లాడలేదు, వేలిముద్ర వేసి లేచాడు. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ కోత అన్యాయమని నేను గట్టిగా అంటాను. సరుకుని, బండిని, ఒక పసివాణ్ణి ఆ గాలిలోంచి ప్రాణాలతో బయటికి తెచ్చిన మనిషికి దక్కింది అది.

పసివాడని ఎందుకన్నానంటే క్లీనర్లు నిజంగా పసివాళ్లే ఉండేవాళ్లు. వాళ్లకి జీతం లేదు. తిండి, పాత చొక్కాలు, పండక్కి కాసిని డబ్బులు. దానికి బదులు డ్రైవింగ్ నేర్పడం. మొదట గాలి చూడటం, మోకులు బిగించడం, వెనక నిలబడి "రానీ, రానీ" అని అరవడం, వంట. తర్వాత ఎక్కడో ఖాళీ రోడ్డులో గురువుగారు స్టీరింగు చేతికిస్తాడు. షీట్లో వాళ్ల పేరు ఉండేది కాదు, "క్లీనర్-1" అని ఉండేది. ప్రమాదం జరిగితే ఆ పేరు లేకపోవడమే శాపం. 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టం కింద కుటుంబానికి పరిహారం రావాలంటే, ఆ కుర్రాడు ఆ బండి మీదే పనిచేస్తున్నాడని ముందు నిరూపించుకోవాల్సి వచ్చేది. ఒకసారి తుని అవతల మా బండి ఒకటి ఆగి ఉన్న ట్రాలీని గుద్దింది. క్లీనరు కుర్రాడు పోయాడు. వాళ్ల నాన్న లేబర్ ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరగడం చూశాను. అప్పటినుంచి నేను షీట్లో క్లీనరు పేరు, తండ్రి పేరు, ఊరు మూడూ రాశాను. గడి సరిపోకపోతే కాగితం అంచు మీద రాశాను. అలా రాయడం చూసి పక్క ఆఫీసు గుమస్తా కూడా మొదలుపెట్టాడు.

ఆ తర్వాత మార్పులు గబగబా వచ్చాయి. నాలుగు మహానగరాలని కలిపిన స్వర్ణ చతుర్భుజి రోడ్డు పథకం పుణ్యమా అని కలకత్తా రోడ్డు నాలుగు వరసలైంది. 2005 నవంబరులో ఓవర్‌లోడ్ కుదరదని సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. 2010లో దేశమంతటికీ ఒకే నేషనల్ పర్మిట్ పద్ధతి వచ్చింది, అంతకుముందు ఏయే రాష్ట్రాలకి పర్మిట్ ఉందో చూసుకుని లోడు పట్టాల్సి వచ్చేది. 2017 జులైలో జీఎస్టీతో సరిహద్దుల్లో అమ్మకం పన్ను చెక్‌పోస్టులు పోయాయి. ఈ ఒక్కదానికి డ్రైవర్లు ఎంత సంతోషించారో! కాగితాలు చేతపట్టుకుని కిటికీ ముందు రాత్రంతా నిలబడే పని తప్పింది. 2021 ఫిబ్రవరి నుంచి టోలు దగ్గర ఫాస్టాగ్. ఇవన్నీ మంచివే, కాదనను.

కానీ ప్రతి మార్పుతో పాటు డ్రైవరు చేతిలో తిరిగే నగదు తగ్గింది. డీజిల్‌కి కార్డు, టోలుకి ట్యాగ్, బత్తా ఫోనులోకి. అడ్డదారి ఖర్చులు తగ్గాయని ఓనర్లు సంతోషించారు. మిగులు అనేదే లేకుండా పోయింది, దానికి తగ్గట్టు జీతం మాత్రం పెరగలేదని డ్రైవర్లు నాతో అనేవాళ్లు. నేషనల్ పర్మిట్ బండికి ఇద్దరు డ్రైవర్లుండాలన్న నిబంధన 2018లో తీసేశారు. ఇప్పుడు చాలా బళ్లు ఒక్క మనిషితో నడుస్తున్నాయి, క్లీనరు కూడా లేడు. ఆయనే తోలాలి, ఆయనే పట్టా కట్టాలి, ఆయనే రాత్రి డీజిల్ కాపలా కాయాలి. కాసేపు ఆగితే జీపీఎస్ చూసి "ఎందుకాగావ్?" అని ఫోను. నిద్రొస్తోందని చెప్పుకోవడానికి కూడా వాళ్లకి మొహమాటమే. క్లీనర్లే లేకపోతే రేపటి డ్రైవర్లు ఎక్కణ్ణుంచి వస్తారు? డ్రైవర్లు దొరకడం లేదని ఓనర్లు మొత్తుకుంటున్నారు. ఏ తండ్రీ కొడుకుని ఈ పనికి పంపనంటున్నాడు, పెళ్లికి పిల్లనివ్వరని భయం.

2018 జులైలో వారం పైగా దేశమంతా లారీలు ఆగాయి. డీజిల్ ధర, టోలు, ఇన్సూరెన్సు ప్రీమియం మీద ఓనర్లు చేసిన సమ్మె అది. 2024 జనవరి మొదట్లో జరిగింది వేరు. గుద్ది పారిపోతే పదేళ్ల దాకా జైలు అంటూ కొత్త శిక్షాచట్టంలో పెట్టిన సెక్షన్ మీద డ్రైవర్లే బళ్లు ఆపేశారు. హైదరాబాదులో పెట్రోలు బంకుల ముందు క్యూలు ఎంత పొడుగున్నాయో మీకు గుర్తుండే ఉంటుంది. 2024 జులై 1న కొత్త చట్టం అమల్లోకి వచ్చినప్పుడు ఆ ఒక్క సబ్‌సెక్షన్‌ని పక్కన పెట్టారు. గాయపడ్డవాణ్ణి రోడ్డు మీద వదిలేసి పోవడం తప్పే. కానీ ఆగితే జనం కొట్టి చంపుతారన్న భయం ఎలాంటిదో డ్రైవర్లు చెప్తుంటే విన్నాను, ఆ భయం ఉత్తది కాదు. ఏమైనా, డ్రైవరు తన మాట తానే చెప్పుకోవడం నేను చూడటం అదే మొదలు. ఆ రోజు టీవీ ముందు నుంచి కదల్లేదు.

బాబాయ్‌కి ఇప్పుడు డెబ్బై దాటాయి. మోకాళ్లు పోయాయి, ఒక చెవి సరిగా వినబడదు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. 2024 జులై నుంచి ప్రభుత్వం ఇచ్చే వృద్ధాప్య పింఛను నాలుగు వేలయింది, అది ఒకటో తారీఖున ఇంటికి తెచ్చి ఇస్తున్నారు. "మోటారు మీద ఇన్నేళ్లు బతికా, ఒకటో తారీకున డబ్బు తీసుకోటం ఇప్పుడే నాయనా," అన్నాడు. పిన్నిగారు పక్కనే కూర్చుని వక్కలు కత్తిరిస్తోంది. ఆవిడ నా నోటుబుక్కు సంగతి మర్చిపోలేదు, వెళ్లినప్పుడల్లా ఎవరో ఒకరికి చెబుతూనే ఉంటుంది.

వాళ్ల మనవడు ట్రైలర్ తోలుతున్నాడు. ఏసీ క్యాబినే. ఎంత వద్దన్నా వినలేదట. నేను అక్కడున్నప్పుడే ఆ అబ్బాయి ఫోను చేశాడు. ఏదో ప్లాంటు బయట పార్కింగులో మూడు రోజుల నుంచి ఉన్నాడు, లోపలికి ఇంకా టోకెన్ రాలేదు. బాబాయ్ ఫోను స్పీకర్లో పెట్టుకుని, తిన్నావా, నీళ్లున్నాయా అని అడిగి, తర్వాత అడిగాడు.

"హాల్టింగ్ ఇత్తన్నారా అబ్బాయ్?"

"ఓనరుకి ఇత్తన్నారంట తాతా."

"నువ్వు అడుగు. రోజుకింత నాకని అడుగు. తోలేటప్పుడు కాదు, బండి ఎక్కకముందే మాట్లాడుకో."

"అడిగితే వేరే డ్రైవర్ని పెట్టుకుంటారు తాతా."

"దొరకట్లేదంటన్నారుగా డ్రైవర్లు. అడుగు!" అని బాబాయ్ గట్టిగా అరిచాడు. తనకి వినబడదు కాబట్టి అవతలివాళ్లకీ వినబడదనుకుంటాడు. నేను కూడా ఫోను దగ్గరికి జరిగి, లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము గేటు స్లిప్పు మీద వేయించుకో, ఫోటో తీసి పెట్టుకో అని చెప్పాను. సరే అంకుల్ అన్నాడు.